సాగరతీరాన పాట చిత్రీకరణ

చేతిలోని ఫోనే కెమెరాగా మారిన తరువాత పాటకు దృశ్యరూపం ఇవ్వాలన్న ఉత్సాహం విద్యార్థులలో విశేషంగా కనిపిస్తున్నది. నెల్లూరు విద్యార్థులకు పాతిక కిలోమీటర్ల దూరంలోనే మైపాడు సముద్రతీరం ఉన్నది. అయితే పాట ద్వారా ఒక కథను చెప్పదలచినప్పుడు అందమైన ప్రదేశం ఒక్కటే చాలదు. కథలోని ఘట్టాల క్రమం వేరు, వెలుతురు క్రమం వేరు. ఆరుబయట చిత్రీకరణ వెలుతురు క్రమాన్నే అనుసరించాలి.

ఆరుబయట చిత్రీకరణకు మనకు ఆదర్శప్రాయుడు ఛాయాగ్రాహకుడు ఇషాన్ ఆర్య. ఎం.ఎస్. సత్యు దర్శకత్వంలో 1973లో తయారైన "గర్మ్ హవా"ను ఆయన ఆగ్రా, ఫతేపూర్ సిక్రీలలో నిజమైన స్థలాలలోనే చిత్రీకరించారు. ధనాభావం వల్ల అక్కడ శబ్దగ్రహణం లేకుండానే తీసి, సంభాషణలను తరువాత చేర్చారు. ఆ ఉర్దూ చిత్రానికి పనిచేసిన ఆయనే, బాపు దర్శకత్వంలో 1975లో వచ్చిన తెలుగు చిత్రం "ముత్యాల ముగ్గు"కు జాతీయ పురస్కారం పొందారు. రెండు భాషలనూ ఆదరించే మన కళాశాలకు ఇది ప్రీతికరమైన ఉదాహరణ.

విద్యార్థులకూ ఆ మార్గమే అనుకూలం. ముందుగా పాటను గదిలో రికార్డు చేసుకొని, తీరాన స్పీకరులో వినిపిస్తూ నటులచేత పెదవులు కదిలింపజేయాలి. అప్పుడు గాలి, సముద్రఘోష ఆటంకం కావు.

మన తీరం తూర్పుముఖంగా ఉన్నది. ఉదయం కెమెరాను సముద్రం వైపు త్రిప్పితే మనుషులు నల్లని ఆకృతులుగా కనబడతారు. ముఖభావాలు కావాలంటే తెల్లని థర్మోకోల్ అట్టతో ముఖంపై వెలుతురు పడేటట్లు చేయాలి. సాయంకాలం సూర్యుడు సరుగుడు తోటల వెనుకకు చేరుతాడు. అప్పుడు సముద్రం నేపథ్యంగా ముఖాలు స్పష్టంగా కనిపిస్తాయి.

తల్లి తన కుమారుని వేకువన సాగనంపడం, అతడు ఏళ్ల తరువాత సాయంకాలం తిరిగిరావడం కథ అనుకుందాం. పాటలో వీడ్కోలు రెండు చరణాలలో జ్ఞాపకంగా వచ్చినా, ఆ షాట్లన్నీ ఒకే ఉదయాన తీయాలి. సూర్యుడు సముద్రంలో క్రుంకే దృశ్యం మన తీరాన లభించదు. సూర్యోదయాన్నే అస్తమయంగా చూపవచ్చును గాని, షాట్ పొట్టిగా ఉండాలి. దానిని వెనుకకు నడిపిస్తే అలలు కూడ వెనుకకే నడుస్తాయి.

ఇసుక ప్రతి అడుగునూ చూపుతుంది. కాబట్టి దూరపు షాట్లు ముందుగా తీయాలి. లేకుంటే ఏకాకిగా నడిచే పాత్ర చుట్టూ మిత్రబృందం అడుగుజాడలన్నీ కనబడతాయి.

వీటన్నిటికంటె ముఖ్యమైనది ప్రాణరక్షణ. వెనుకకు మరలే అల కాళ్లక్రింది ఇసుకను తొలిచివేస్తుంది. నటుని నీటిలోకి దింపే షాట్ కథకు ఎంత అవసరమైనా వదలుకోవాలి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల కాలం. తుఫాను హెచ్చరిక ఉన్ననాడు తీరానికి పోనేరాదు. మత్స్యకారుల పడవలు, వలలు వారి జీవనాధారం. వారి అనుమతి పొంది, వారి పనికి అడ్డురాకుండా చిత్రీకరించడం మర్యాద.

కళాశాల కార్యవర్గం ఇట్టి ప్రయత్నాలకు ఒక అధ్యాపకుని తోడుగా పంపితే ఎంతో మేలు కలుగుతుంది. విద్యార్థులు ముందురోజే తీరాన్ని చూసివచ్చి, ప్రతి షాట్‌కు ఎదురుగా సమయం, దిక్కు, నటుల దుస్తులు కాగితంపై వ్రాసుకోవాలి. ఆ ఒక్క కాగితం ఉంటే కొద్దిపాటి సాధనాలతోనే కథ చూపరులకు చక్కగా అర్థమవుతుంది.