నీట్ రాకపోతేనే హార్టికల్చరా?

"ఈసారి నీట్ రాకపోతే లాంగ్‌టర్మ్ కోచింగ్. అదీ కుదరకపోతే అగ్రికల్చర్‌లో ఎక్కడో పడేద్దామండి." బైపీసీ పిల్లల తల్లిదండ్రులు చాలామంది నాతో అనే మాట ఇది. గోదావరి లంకల్లో కూరగాయలు పండించే ఇళ్లలోనూ ఇదే మాట వింటుంటే మనసుకు కష్టంగా ఉంటుంది.

బెండతోటలో ఆకులు పసుపెక్కాయనుకోండి. రైతు నాలుగాకులు కోసుకుని పురుగుమందుల కొట్టుకెళ్తాడు, రెండు మూడు సీసాలతో తిరిగొస్తాడు. హార్టికల్చర్ చదివినవాళ్లు ముందు ఈనెలు చూస్తారు. ఈనెలే పసుపైతే పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అది, ఏ పోషకం చల్లినా తగ్గదు. ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పాలిపోతే, అదీ లేతాకుల్లో, ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తే తేరుకుంటుంది. అదే లక్షణం ముదురాకుల్లో మొదలైతే మెగ్నీషియాన్ని అనుమానించాలి. మెగ్నీషియం చాలనప్పుడు మొక్క దాన్ని ముదురాకు నుంచి లేతాకుకు లాక్కుంటుంది, ఇనుమును అలా లాక్కోలేదు.

ఆకు దగ్గరే ఆగినా సరిపోదు. ఏటా డీఏపీ గుమ్మరించిన చేలో భాస్వరం పేరుకుని జింకు అందదు. వానలకు నీళ్లు నిలిచిన నల్లరేగడిలో ఎరువున్నా వేరు తీసుకోలేదు. అక్కడ ముందు కాలువ తీసి నీరు పోనివ్వాలి, ఇంకో బస్తా వేస్తే డబ్బు దండగ. ఇవి విడదీసి చెప్పగలవాళ్లు మన మండలాల్లో ఎంతమంది ఉన్నా చాలరు.

తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం 2007 నుంచీ ఉంది. బైపీసీ తర్వాత ఈఏపీసెట్‌తో నాలుగేళ్ల బీఎస్సీ, పది తర్వాత రెండేళ్ల డిప్లొమా. మొక్కల మీద ఇష్టమున్న పిల్లలకు నేను డిప్లొమానే ముందు చెబుతాను. చిన్న వయసులోనే చేలో నిలబడతారు, తర్వాత హార్టిసెట్ రాసి బీఎస్సీకి వెళ్లే దారీ ఉంది.

అప్పుచేసి పక్క రాష్ట్రాల్లో సీటు కొనేవాళ్లకు నా హెచ్చరిక. భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) గుర్తింపు లేని కాలేజీ అయితే పీజీ దగ్గరా, సర్కారు కొలువు దగ్గరా పిల్లలు ఇబ్బంది పడతారు. డొనేషన్ తీసుకునేటప్పుడు ఏజెంటు ఆ సంగతి ఎత్తడు. నెలరోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో "క్రాప్ డాక్టర్" చేస్తామనేవాళ్లకూ రూపాయి ఇవ్వకండి. డిగ్రీ చేతికొచ్చాక నోటిఫికేషన్ కోసం కోచింగ్ గదిలో ఏళ్లు గడపడం మరో ఉచ్చు. ఆ కాలంలో కడియం నర్సరీల్లో పనిచేస్తే కళ్లకు మొక్క అలవాటవుతుంది.

డాక్టరవ్వాలని పిల్లలే కోరుకుంటే నీట్ రాయనివ్వండి. ఆ కోరిక మీదే అయితే మాత్రం లాంగ్‌టర్మ్ ఫీజు కట్టేముందు ఒక్కసారి వెంకట్రామన్నగూడెం వెళ్లిరండి. అమ్మాయినో అబ్బాయినో వెంట తీసుకెళ్లండి. అక్కడ అడగాల్సినవి వాళ్లనే అడగనివ్వండి.