తింటున్నా చిక్కిపోయే ఆవు

పాడి ఉన్న ఇళ్లలో ఈ మాట మీరు వినే ఉంటారు: "ఈనినప్పుడు నిగనిగలాడుతూ ఉండేది. రెండు నెలలయ్యేసరికి తుంటి ఎముకలు బయటపడ్డాయి. మేత తింటోంది, పాలూ బాగానే ఇస్తోంది. మరి ఎందుకిలా చిక్కిపోయింది?"

రోగమేమో అని కొందరు భయపడతారు. దాణా వంటబట్టడం లేదనుకుని తగ్గించేవారూ ఉంటారు. అసలు సంగతేమిటో లెక్కవేసి చూద్దాం.

ఆవు ఈనిన రోజునుంచి వట్టిపోయేదాకా గల కాలమే పాడికాలం. దీన్ని సాధారణంగా 305 రోజులకు లెక్కగడతారు. ఈ కాలంలో పాలు, మేత, ఒంటి బరువు మూడూ మారుతూ ఉంటాయి. కాని మూడూ ఒకేసారి పెరగవు, ఒకేసారి తగ్గవు. కిటుకంతా అక్కడే ఉంది.

లెక్క కోసం ఒక సంకరజాతి జెర్సీ ఆవును ఊహించుకుందాం. ఈనిన మర్నాడు దాని బరువు 400 కిలోలు. రోజుకు ఇచ్చే పాలు, రోజుకు తినే మేత, ఒంటి బరువు ఇలా ఉన్నాయనుకోండి. పచ్చిగడ్డిలో ఎక్కువ భాగం నీరే కాబట్టి, గడ్డీ దాణా కలిపిన మేతను తేమ తీసేసిన బరువులో చెబుతున్నాం.

2వ వారం: పాలు 11 లీటర్లు, మేత 9 కిలోలు, బరువు 392 కిలోలు
6వ వారం: పాలు 14, మేత 10.5, బరువు 376
12వ వారం: పాలు 12.5, మేత 12.5, బరువు 370
24వ వారం: పాలు 9, మేత 11, బరువు 390
40వ వారం: పాలు 5, మేత 8.8, బరువు 420

గ్రాఫు కాగితం తీసుకుని మూడు గీతలు గీయండి. పాల గీత 6వ వారంలోనే శిఖరం చేరింది. మేత గీత 12వ వారానికిగాని చేరలేదు. బరువు గీత ముందు లోయలోకి దిగి, తర్వాత పైకెక్కింది.

మేత ఎందుకు వెనకబడింది? ఆవు మేతను ముందుగా పులియబెట్టేది దాని పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు. ఈనిన తర్వాత దాణా ఒక్కసారిగా పెంచితే అవి తట్టుకోలేవు. పొట్టలో ఆమ్లం పెరుగుతుంది. అవి అలవాటుపడటానికి, ఆకలి పుంజుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. పొదుగు మాత్రం అంతవరకు ఆగదు. శరీరంలోని హార్మోనులు పోషకాలను ముందుగా దూడకోసం పొదుగుకే మళ్లిస్తాయి.

ఇప్పుడు 6వ వారం చూడండి. తిన్న 10.5 కిలోల మేతలో ఆవు తన ప్రాణం నిలుపుకోవడానికి వాడుకోగా మిగిలిన శక్తి సుమారు 10 లీటర్ల పాలకే చాలుతుంది. ఇస్తున్నది 14 లీటర్లు. ఆ 4 లీటర్లూ ఎక్కడినుంచి వచ్చాయి? ఒంట్లో దాచుకున్న కొవ్వునుంచి! ఒక కిలో ఒంటి బరువు కరిగితే దాదాపు 6 లేక 7 లీటర్ల పాలకు సరిపడే శక్తి వస్తుంది. అంటే మన ఆవు రోజుకు 600 గ్రాముల దాకా కరుగుతోంది. గాదెలో గింజలు తీసి వండుకున్నట్టే ఇది.

కాని గాదెకు అడుగు ఉంటుంది. కొవ్వు మరీ వేగంగా కరిగితే కీటోసిస్ అనే జబ్బు వస్తుంది. ఆవు దాణా ముట్టదు, పాలు పడిపోతాయి, ఊపిరి తియ్యటి వాసన వేస్తుంది. అప్పుడు పశువైద్యుణ్ణి పిలవాలి. మరీ చిక్కిన ఆవు సకాలంలో ఎదకు రాదు; మళ్లీ చూడి కట్టడం ఆలస్యమవుతుంది.

అందువల్ల చిక్కిన పాడి ఆవుకు దాణా తగ్గించడమంటే ఖాళీ అవుతున్న గాదెకు మరో కన్నం పెట్టడమే. ఈనడానికి రెండు వారాల ముందునుంచే దాణా కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఈనిన తర్వాత క్రమంగా పెంచాలి. పాలు తగ్గే నెలల్లో బరువు తిరిగి పుంజుకోనివ్వాలి. ఈనడానికి రెండు నెలల ముందు పాలు పితకడం ఆపి, పొదుగుకు విశ్రాంతినివ్వాలి. అలాగని మరీ కొవ్వెక్కనివ్వకూడదు. బాగా బలిసిన ఆవు ఈనాక మేత తక్కువ తిని, కీటోసిస్‌కు త్వరగా గురవుతుంది.

మీరు చేసి చూడండి: ఇటీవల ఈనిన ఆవు పాలను వారానికోసారి కొలిచి రాసుకోండి. అదే రోజు దాని వెన్ను, పక్కటెముకలు, తుంటి ఎముకలు ఎంత బయటికి కనిపిస్తున్నాయో కూడా రాయండి. పాలు ఏ వారంలో శిఖరం చేరాయి? ఆవు తిరిగి ఒళ్లు చేయడం ఏ వారంలో మొదలైంది? రెండింటి మధ్య ఎన్ని వారాలున్నాయో లెక్కపెట్టండి.