జాతీయ గ్రంథాలయాధిపతి

కోల్‌కతా నగరమున ఆలీపూరు ప్రాంతమునందు బెల్వెడియర్ అను విశాలమైన ఆవరణము కలదు. పూర్వము బెంగాలు లెఫ్టినెంటు గవర్నరులు నివసించిన ఆ తావుననే నేడు భారత జాతీయ గ్రంథాలయము వెలసియున్నది. 1903లో ఇంపీరియల్ లైబ్రరీ అను పేరుతో ప్రజలకు తెరువబడిన ఈ సంస్థకు 1948లో ప్రస్తుత నామము కలిగినది. దీని అధిపతి చేయవలసిన పనులలో మొదటిది గ్రంథసేకరణము.

1954లో పార్లమెంటు చేసిన చట్టము ననుసరించి, దేశమున గ్రంథమును ప్రచురించిన ప్రతివారును 30 దినములలోగా ఒక ప్రతిని తమ ఖర్చుతో ఇచ్చటికి పంపవలెను. విజయవాడలో అచ్చైన తెలుగు నవలయు, ఢిల్లీలో వెలువడిన శాస్త్రగ్రంథమును ఇందు చేరవలసినవే. చట్టమును మీరినవారికి ఆనాడు నిర్ణయించిన జరిమానా 50 రూపాయలును, గ్రంథపు వెలయును మాత్రమే. ఇంత స్వల్పమైన దండనతో పని నెరవేరదు. కావున అధిపతి ప్రచురణకర్తలకు నచ్చజెప్పి, రాని గ్రంథముల జాడ తీసి రప్పింపవలయును. అందు మంచి చెడ్డల నెంచి కొన్నింటిని త్రోసివేయరాదు. నేడు అల్పముగా తోచిన పంచాంగమే నూరేండ్ల పిమ్మట చరిత్రకారునకు అమూల్యము కావచ్చును.

చేరిన గ్రంథము అడిగినవారికి దొరకవలయును. ఇది రెండవ పని. స్వతంత్ర భారతమున ఈ పదవి నలంకరించిన తొలి అధిపతి బి. ఎస్. కేశవన్ గారు, దేశభాషలలో వెలువడు గ్రంథములన్నిటికి ఒక సూచిక యుండవలెనని పాటుపడిరి. ఆ జాతీయ గ్రంథసూచి 1958లో వెలువడినది. 1907లో అధిపతియైన హరినాథ్ డే గారు బహుభాషా కోవిదులు. అయినను దేశభాషలన్నిటిని ఒక్కరే నేర్వజాలరు. అందుచే తెలుగు మున్నగు భాషలకు వేర్వేరు విభాగము లేర్పడినవి.

మూడవది సంరక్షణము. ఇదియే మిక్కిలి కఠినమైనది. కొయ్యగుజ్జుతో చేసిన పాత కాగితము పసుపువారి, ముట్టినంతనే పెళుసై విరుగును. కోల్‌కతా గాలిలోని తేమ బూజును పెంచును. పురుగులు అట్టలను తొలుచును. దూరదేశమునుండి వచ్చిన పరిశోధకుడు అట్టి పత్రికను కోరినచో అధిపతి యేమి చేయవలెను? ఇచ్చినచో అది నశింపవచ్చును. ఈయకున్నచో దానిని దాచిన ఫలమేమి? అందుచేతనే అట్టివానికి మైక్రోఫిల్ములను, డిజిటల్ ప్రతులను తీయింతురు. కాని లక్షలకొలది గ్రంథములకు ఒక్కసారిగా ప్రతులు తీయుట సాధ్యము కాదు. దేనిని ముందు కాపాడవలెనో అధిపతియే నిర్ణయింపవలెను. ఆలస్యమైన గ్రంథము మరల రాదు.

ఎదుట కూర్చున్న పాఠకుడు తన గ్రంథమును తానే అడుగగలడు. ఇంకను పుట్టని పాఠకుని పక్షమున అడుగువారు లేరు. ఆతని కొరకును ఆలోచించుట అధిపతి ధర్మము.