హెపారిన్ వాడుతున్నప్పుడు ప్లేట్‌లెట్లు తగ్గితే...

ప్లేట్‌లెట్లు తగ్గాయనగానే మనకు డెంగ్యూ గుర్తుకు వస్తుంది. రక్తస్రావం అవుతుందేమోనని కంగారు పడతాము. కానీ హెపారిన్ ఇంజెక్షన్ తీసుకుంటున్న రోగికి ప్లేట్‌లెట్లు తగ్గితే, భయపడవలసింది ముఖ్యంగా రక్తపు గడ్డల గురించి.

హెపారిన్ ఎందుకు ఇస్తారు?
గుండెపోటులో, కాలి సిరలో రక్తం గడ్డకట్టినప్పుడు, కొన్ని ఆపరేషన్ల తరువాత, డయాలసిస్‌లో దీనిని వాడతారు. నరానికి ఇచ్చేది ఒక రకం. పొట్ట మీద చర్మం కింద ఇచ్చే ఇనాక్సాపారిన్ ఇంకొక రకం. ఇది ఎందరి ప్రాణాలనో కాపాడే మందు.

ప్లేట్‌లెట్లు ఎందుకు తగ్గుతాయి?
కొద్దిమంది శరీరంలో ఈ మందు వల్ల ప్రతిరక్షకాలు తయారవుతాయి. అవి ప్లేట్‌లెట్లను ఒకదానికొకటి అంటుకునేలా చేస్తాయి. దానివల్ల వాటి సంఖ్య తగ్గి, రక్తనాళాల్లో కొత్త గడ్డలు ఏర్పడతాయి.

ఎప్పుడు జాగ్రత్తగా ఉండాలి?
సాధారణంగా మందు మొదలుపెట్టిన 5 నుండి 10 రోజుల మధ్య. గత నెలలో హెపారిన్ తీసుకుని ఉంటే ఒక్క రోజులోనే రావచ్చు. కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో చికిత్స పొంది మెట్‌పల్లికి తిరిగి వచ్చాక కూడా బయటపడవచ్చు.

మామూలు సంఖ్య 1.5 నుండి 4.5 లక్షలు. 3 లక్షలు ఉన్నవారికి 1.4 లక్షలైతే "కొంచెమే తక్కువ" అనుకోకండి. సగానికి పైగా పడిపోయినట్లే. అందుకే మొదటి సి.బి.పి. రిపోర్టు దాచి ఉంచండి.

ప్రమాద సూచనలు
* ఒక కాలు వాచి నొప్పి పుట్టడం
* ఆయాసం, ఛాతీలో నొప్పి
* చేయి లేదా కాలు చల్లబడటం, రంగు మారడం
* మూతి వంకర పోవడం, మాట తడబడటం
* సూది వేసిన చోట చర్మం నల్లబడటం

మీరు ఏమి చేయాలి?
ఇవి కనిపిస్తే తరువాతి సూది వేయించక ముందే, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి. సూచనలేవీ లేకుండా భయంతో మందును మీరే ఆపకండి. డాక్టరుగారు హెపారిన్ ఆపి, గడ్డలు రాకుండా వేరే మందు ఇస్తారు. రక్తస్రావం లేకపోతే ఈ జబ్బులో సాధారణంగా ప్లేట్‌లెట్లు ఎక్కించరు; ఎక్కించమని ఒత్తిడి చేయవద్దు. బొప్పాయి ఆకు రసం దీనికి మందు కాదు.

ఒకసారి ఈ జబ్బు వచ్చినవారి ఫైలు మీద "హెపారిన్ పడదు" అని పెద్ద అక్షరాలతో రాయించండి. గల్ఫ్‌లో చికిత్స పొంది వచ్చినవారు అక్కడి కాగితాలు కూడా భద్రపరచుకోవాలి. ఏ ఆసుపత్రికి వెళ్ళినా, సెలైన్ పెట్టకముందే ఆ మాట చెప్పండి. సూదిగొట్టం మూసుకుపోకుండా వాడే కొద్దిపాటి హెపారిన్ కూడా వారికి ప్రమాదమే.