ఓరుగల్లు విద్యాసంస్థలు: పోటీ పరీక్షల ప్రత్యేకం

1959 అక్టోబరు 10న ప్రధాని నెహ్రూ శంకుస్థాపన మొనర్చిన వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల, దేశమునందలి అట్టి కళాశాలలలో ప్రథమమై, 2002లో జాతీయ సాంకేతిక సంస్థగా రూపొంది, 2007 నాటి చట్టముచే జాతీయ ప్రాముఖ్యముగల సంస్థగా ప్రకటితమైనది. కాలక్రమము మీదనే ప్రశ్న వచ్చుట మెండు గనుక ఈ మూడు సంవత్సరములను వరుస తప్పక కంఠస్థము చేయవలెను. ఇట్టి జాతీయ ప్రాముఖ్య ప్రకటనకు ఆధారము రాజ్యాంగపు ఏడవ షెడ్యూలు, కేంద్ర జాబితా, 64వ అంశము.

కాకతీయ వైద్య కళాశాల: 1959.

కాకతీయ విశ్వవిద్యాలయము 1976 ఆగస్టు 19న వెలసెను. విద్యను రాష్ట్ర జాబితానుండి ఉమ్మడి జాబితాకు, 25వ అంశమునకు, మార్చిన 42వ సవరణయు 1976 నాటిదే కావున రెండింటిని జతపరచి స్మరించుట మేలు.

ములుగు సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము: హామీ 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టము, 13వ షెడ్యూలు, స్థాపన 2023 కేంద్రీయ విశ్వవిద్యాలయముల సవరణ చట్టము. గిరిజన యువతకు ఈ నిరీక్షణ మిక్కిలి దీర్ఘమైనది.