అగ్గిపెట్టెలతో నేత లెక్క

మగ్గము ఊరకున్న నాడు కూలి లేదు. నూలు సంఘములో ఉండును, పడుగు ఇంకను గంజి పెట్టువారి వద్ద ఉండును, నేతగాడు మాత్రము గుంటలో కాళ్లు పెట్టుకొని ఎదురుచూచుచుండును. ఈ ఎదురుచూపు ఎక్కడ పుట్టుచున్నదో తెలిసికొనుటకు కోవిల్‌పట్టిలో మేమొక ఆట ఆడించితిమి. ఈ ఊర అగ్గిపెట్టెలకు కొదువ లేదు గదా! 20 ఖాళీ పెట్టెలు తెచ్చితిమి.

నలుగురిని వరుసగా కూర్చుండబెట్టవలెను: పడుగు పోయువారు, గంజి పెట్టువారు, నేయువారు, మడత పెట్టువారు. ఒక్కొక్కరు ప్రతి పెట్టెను తిరగవేయవలెను. పెట్టె ఒకటికి లెక్క ఒకటి. 20 పెట్టెలును ముగించిన పిమ్మటనే పక్కవారికి ఇచ్చినచో పని 80 లెక్కలకు ముగిసినది. 5 చొప్పున అందించినచో 35. ఒక్కొక్కటే అందించినచో 23. ఎవరి చేయియు వేగము పెరుగలేదు సుమా!

మేము సంతోషించుచుండగా ఒక పెద్దాయన అడ్డు తగిలినారు. "ఏమయ్యా కార్యదర్శీ, పడుగు మారినప్పుడెల్ల పోగులు అతుకవద్దా? నీ ఆటలో అది ఏదీ?"

ఆయన మాట నిజమే. మేము మరచిన దదియే. కనుక కొత్త మోపు పట్టినప్పుడెల్ల ప్రతివారును 3 లెక్కలు ఊరక కూర్చుండవలెనని నియమము పెట్టి మరల ఆడించితిమి. 20 చొప్పున 92, ఒక్కొక్కటి చొప్పునను 92! 5 చొప్పున మాత్రము 56. మరీ పెద్ద మోపును చేటే, మరీ చిన్న మోపును చేటే. అతుకు 3కు బదులు 1 లెక్కయే పట్టినచో 5 చొప్పున 42కు, ఒక్కొక్కటి చొప్పున 46కు దిగును.

జపానులో టొయోటా వారు చేసినది ఈ అతుకు కాలమును తగ్గించుటయే. గంటలు పట్టెడి అచ్చు మార్పును నిమిషములలోనికి తెచ్చినారు. ఆ వంశమునకు ఆది మగ్గమే: సకిచీ టొయోడా 1924లో, పడుగు పోగు తెగిన తానే ఆగిపోవు మరమగ్గమును నిర్మించినాడు. కార్ల కంపెనీ 1937లో వచ్చినది. ఈ పద్ధతిని నేడు 'లీన్' అందురు. దీనిని నేర్పు తరగతులలో ఇట్టి ఆటలే ఆడింతురు.

పడుగు పొడవు తగ్గింపుడని మేము చెప్పము. అతుకు కూలి ఎవరిచ్చెదరు? కండెలకు మాత్రము అతుకు బాధ లేదు. వారమునకు సరిపడునవి ఒకేమారు చుట్టించి బుట్టలో దాచుట మాని, ఏ పూటకు ఆ పూట చుట్టించి చూడుడు. ఆటను ఇంట పిల్లలతో ఆడుడు. గెలిచినవారికి కోవిల్‌పట్టి వేరుసెనగ మిఠాయి ఇచ్చినచో లెక్క తప్పక వేయుదురు.