ప్రభువు పేరు – మీ చేతి రాత

చిన్నారులారా! “నా దస్తూరీ బాగుండదు” అని నోటుపుస్తకం దాచుకుంటున్నారా? దిగులుపడకండి. అందమైన అక్షరానికి కావలసింది ఓర్పు.

క్రీ.శ. 800 ప్రాంతంలో మఠవాసులు నాలుగు సువార్తలను దూడతోలుపై చేతితో వ్రాశారు. ‘కెల్స్ గ్రంథం’ అనే ఆ ప్రతి నేడు ఐర్లాండులో, డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో ఉంది. అందులో ఒకచోట క్రీస్తు నామాన్ని సూచించే అక్షరాలే దాదాపు పుటనంతా నింపాయి!

మీరూ ప్రయత్నించండి. వెదురుపుల్ల కొనను చదునుగా, కాస్త ఏటవాలుగా పెద్దలచేత చెక్కించుకోండి. అట్టపై పెన్సిలుతో రెండు గీతలు గీయండి. పుల్లను సిరాలో ముంచి, పట్టు మార్చకుండా ‘యేసు’ అని వ్రాయండి. గీత ఒకవైపు సన్నగా, మరొకవైపు లావుగా వస్తుంది. అదే దాని అందం! మొదటి అక్షరాన్ని పెద్దదిగా వ్రాసి, చుట్టూ లతలు, పక్షులు చిత్రించండి. సిరా ఆరాక పెన్సిలు గీతలు చెరిపివేయండి.

ఆ కార్డును మీ విచారణలో మంచంపట్టిన ఒక అవ్వకు ఇచ్చి రండి. ఆమెకు చూపు మందగించి ఉండవచ్చు. కనుక అక్షరాలు పెద్దవిగా, ఎడంగా ఉండాలి. ఆమె చదువుకోగలిగితే మీ దస్తూరీ బాగున్నట్టే!